హీరోగారి మొహం సరే... కాళ్ళ సంగతేమిటి?

సినిమా పత్రిక చేతికి రాగానే మీరు ముందుగా ఏ పేజీ తిప్పుతారు? కొందరికి గుసగుసలు కావాలి. కొందరికి ప్రశ్నలూ జవాబులూ కావాలి. నాకైతే నడిమి పేజీ! రెండు పిన్నుల మీదుగా పరుచుకున్న హీరోగారి రంగుల ఫోటో. దాని మీద స్కేలు పెట్టి అంగుళానికొక గడి గీసెయ్యడం, డ్రాయింగు షీటు మీద రెండంగుళాలకొక గడి గీసుకోవడం... ఇక ఏ గడిలో కన్నుంటే ఆ గడిలో కన్ను, ఏ గడిలో మీసముంటే ఆ గడిలో మీసం. రెండు సాయంత్రాలు కూర్చున్నానంటే హీరోగారు అచ్చు దిగిపోయేవారు.

ఇది 1979 నాటి మాట. ఊరు ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ళకూ, దసరా ఉత్సవాలకూ పేరుపడ్డ ఊరు. అందులో నాకూ కాస్త పేరుండేది – మా వీధి మలుపు దాకా! "అచ్చం ఫోటో మాదిరే ఉందప్పా" అనేవాళ్ళు ఇరుగుపొరుగు. ఆ మాటే నా కొంప ముంచింది.

ఆ రోజుల్లో కొత్త పిక్చరు వస్తోందంటే హాలు ముందు గుడ్డ బ్యానరు లేవాల్సిందే. వెదురు చట్రం, దానికి బిగించిన గుడ్డ, డబ్బాల్లో కలిపిన రంగులు, నిచ్చెన మీద ఒక మనిషి. ఆయన్ని అందరూ ఆర్టిస్టన్న అనేవారు. ఒక ఆదివారం ధైర్యం చేసి నా హీరోల కట్ట చంకన పెట్టుకుని ఆయన షెడ్డుకు వెళ్ళాను. ఆయన నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని, ఒక్కొక్క బొమ్మా తిరగేశాడు. మెచ్చుకోలు కోసం నేను చెవులు రిక్కించి నిలబడి ఉన్నాను.

"మొహాలు బాగుండాయి. ఏమబ్బీ, ఈళ్ళెవురికీ కాళ్ళు లేవా?"

నిజమే! కట్టలో ఒక్క బొమ్మ కూడా రొమ్ము దాటి కిందికి దిగలేదు.

"ఫోటోలో లేవన్నా..."

"నాకుండాయి కదా. నన్ను ఎయ్యి" అని బ్రష్షు చేతబట్టుకుని, కుడికాలి మీద బరువు వేసి, ఎడమకాలు వదులుగా పెట్టి నిలబడ్డాడు. పావుగంట కష్టపడ్డాను. తల గుమ్మడికాయంత వచ్చింది. కాళ్ళు మోకాళ్ళ దగ్గరే అయిపోయాయి. పాదాలు ఎవరివో తెచ్చి అంటించినట్టున్నాయి. ఆయన చూశాడు. షెడ్డులో రంగులు కలిపే కుర్రాళ్ళు చూశారు.

"నేను నిలబడ్నానా, పడిపోతాండానా?"

అందరూ పకపకా నవ్వారు. కానీ ఆ ప్రశ్న కంటే మంచి పాఠం ఆ తర్వాత నాకు ఎవరూ చెప్పలేదు.

ఎందుకంటే – ఫోటోకు గడులు గీసి దించినప్పుడు మనం చేసేది సగం పనే. లోతున్న మనిషిని పలచటి కాగితం మీదకు తెచ్చే పని కెమెరా ముందే చేసేసింది. మనం గీతలు ఒకచోటు నుంచి ఇంకోచోటుకు మోస్తామంతే. మనిషి ఎదురుగా నిలబడితే గడులుండవు. బరువు ఏ కాలి మీద ఉందో, నడుము ఎటు విరిగిందో, భుజం ఎటు వాలిందో మనమే కనిపెట్టాలి. నేటి కుర్రాళ్ళకు స్కేలూ గడులూ పోయి సెల్‌ఫోన్ వచ్చింది. అయినా తంటా అదే. దగ్గరనుంచి ఫోన్‌తో ఫోటో తీస్తే ముక్కు పెద్దదవుతుంది, పైనుంచి తీస్తే కాళ్ళు కురచవుతాయి. ఆ తప్పును నమ్మకంగా కాపీ చేసి "ఫోటోలో అట్లే ఉంది సార్" అంటారు!

మన జిల్లా, మన బొమ్మలు

కడప జిల్లాకూ బొమ్మలకూ ఏం సంబంధం అనుకునేవారికి ఒక మాట. "మల్లీశ్వరి" (1951) తీసిన బి.ఎన్. రెడ్డిగారిది పులివెందుల తాలూకా కొత్తపల్లె. ఆ చిత్రంలో రామారావుగారు వేసిన నాగరాజు పాత్ర ఎవరు? శిల్పి! ఆయన తమ్ముడు నాగిరెడ్డిగారు చక్రపాణిగారితో కలిసి 1947 జూలైలో "చందమామ" మొదలుపెట్టారు. ఆ తర్వాత విజయా సంస్థ పెట్టి "పాతాళభైరవి" (1951), "మాయాబజార్" (1957) తీశారు. ఆ రెండిటికీ కళాదర్శకులు గోఖలే, కళాధర్. (సింహాద్రిపురం పద్మనాభంగారినీ, ప్రొద్దుటూరు శాంతకుమారిగారినీ వదిలేశానని అలగకండి. వారి సంగతి ఇంకో వారం!)

మాధవపెద్ది గోఖలేగారు మద్రాసు ఆర్ట్సు స్కూలులో దేవీప్రసాద్ రాయ్ చౌధురి వద్ద చదువుకున్న మనిషి. చందమామ "శంకర్" కూడా ఆ స్కూలు విద్యార్థే. భుజాన శవాన్ని వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ మీకు గుర్తుందా? అది శంకర్‌ది. 2020లో, 96 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూసేదాకా దేశంలో ఎవరిని పలకరించినా ఆ బొమ్మే చెప్పేవారు. ఒకసారి వెతికి చూడండి. శవం బరువు రాజుగారి భుజం మీద ఉంది, నడుము మీద ఉంది, వేసే అడుగు మీద ఉంది. అలాంటి దృశ్యానికి ఫోటో ఎక్కడ దొరుకుతుంది? మనిషి ఒంటిని లోపలినుంచి ఎరిగినవాడే వెయ్యగలడు.

అయితే అదే చందమామలో "చిత్ర" గారి సంగతి చూడండి. ఆయన ఏ ఆర్టు స్కూలులోనూ చదవలేదు. చదివినాయనా, చదవనాయనా ఒకే పత్రికకు ఏళ్ళ తరబడి బొమ్మలు వేశారు, పిల్లలు ఇద్దరినీ నెత్తిన పెట్టుకున్నారు. బాపుగారు మాత్రం? లా చదివిన మనిషి! తీయబోయే సినిమాను షాటు షాటుగా బొమ్మలు వేసుకుని మరీ సెట్టుకు వెళ్ళేవారు. స్కూలు ఉంటే మంచిదే... లేకపోతే చేతికి సంకెళ్ళేమీ పడవు అని చెప్పడానికే ఇదంతా.

మూడు ఊళ్ళు, మూడు నోటుబుక్కులు

మాకు స్కూలు లేదు. మద్రాసు పోయే తాహతు లేదు. హైదరాబాదు ఫైనార్ట్స్ కాలేజీ సంగతి వినడమే. (కడపలోనే ఆర్కిటెక్చర్, ఫైనార్ట్స్ యూనివర్సిటీ 2020లో వచ్చింది. మేము నలభై ఏళ్ళు ముందు పుట్టి తప్పు చేశాం!) ఉన్నది ఆర్టిస్టన్న షెడ్డు ఒక్కటే. అక్కడే ఇద్దరు మిత్రులు తగిలారు. ఒకడిది జమ్మలమడుగు, నేతపని చేసే ఇల్లు. ఇంకొకడిది పులివెందుల, వాళ్ళ నాయన చీనీకాయల మండీలో లెక్కలు రాసేవాడు. పదిహేను రోజులకొక ఆదివారం ఎవరో ఒకరి ఊళ్ళో కలవాలని ఒప్పందం. బస్సు ఛార్జీ, కారం దోసె, టీ – ఇదే మా కాలేజీ ఫీజు.

మోడలును పెట్టుకునే డబ్బు ఎవడి దగ్గరుంది? ఆ చిక్కును మా ఊళ్ళే విప్పాయి. ప్రొద్దుటూరులో కంసాలి అంగడి ముందు కూర్చున్నామనుకోండి. కుంపటి ముందు వంగి, ఊదుగొట్టం నోట పెట్టుకున్న మనిషి చాలాసేపు కదలడు. మెడ వంపు, వీపు గుండ్రం, మడిచిన మోకాళ్ళు తీరిగ్గా చూసుకోవచ్చు. జమ్మలమడుగులో మగ్గం గుంటలో కూర్చున్న మనిషి కదులుతాడు, కానీ కదిలినవాడు మళ్ళీ అదే చోటికి వస్తాడు! చెయ్యి పైకి పోయినప్పుడు వదిలేసి, తిరిగి వచ్చినప్పుడు పట్టుకోవచ్చు. పులివెందుల మండీలో అలా కుదరదు. చీనీకాయల గంప నెత్తికెత్తుకున్న మనిషి మీ కోసం ఆగుతాడా? అరనిమిషంలో గీత పడాలి. తల ఎక్కడ, నడుము ఎక్కడ, బరువు మోసే పాదం ఎక్కడ – ఈ మూడూ పెట్టేసి మిగతాది ఇంకో మనిషి వచ్చినప్పుడు పూర్తి చెయ్యాలి. మొదటి నెల నా నోటుబుక్కులో అన్నీ అగ్గిపుల్లలే!

అన్నిచోట్లా మర్యాద జరిగిందనుకోకండి. ఒక మండీలో పెద్దాయన నా వెనకే వచ్చి నిలబడి "ఏంది రాసుకుంటాండావు? పన్నులోళ్ళ మనిసివా?" అని గద్దించాడు. బొమ్మ చూపించాను. కాసేపు తేరిపారి చూసి "నా తలగుడ్డ ఇట్లుండదు" అని తలగుడ్డ విప్పి, మళ్ళీ చుట్టి చూపించాడు. ఆ చుట్టు నాకు ఈనాటికీ మరపు రాలేదు. అడిగి వెయ్యడం, వేశాక చూపించడం అప్పటినుంచే అలవాటైంది.

గండికోట వెళ్ళిన రోజు వేరు. జమ్మలమడుగు దాటాక కోట, కింద పెన్నా లోయ, లోపల మాధవరాయస్వామి గుడి. స్తంభాల మీద మనుషులు. వాళ్ళు కదలరు, కసరరు, కూలి అడగరు! ఒక్కొక్కరూ ఒక కాలి మీద బరువు ఆనించి నడుము విరిచి నిల్చున్నారు. మన శిల్పులకు ముఖమే కొలబద్ద – గడ్డం నుంచి నుదుటిమీద జుట్టు మొదలు దాకా. దాన్ని తాళం అంటారు. నవతాళం అంటే తొమ్మిది ముఖాల ఎత్తు. పడమటి పుస్తకాలు తలతో లెక్కిస్తాయి – గడ్డం నుంచి నడినెత్తి దాకా. మామూలు మనిషి ఏడున్నర తలలు, నాయకుడి బొమ్మయితే ఎనిమిది. రెండు లెక్కలూ కలిపేసి కొంతకాలం నేను తాటిచెట్లంత మనుషుల్ని వేశాను. ఆ తప్పు పట్టినవాడు పులివెందుల మిత్రుడే. వాడు పెన్సిల్ అడ్డంగా పెట్టి తలలు కొలుచుకుంటూ కిందికి దిగి, "తొమ్మిదిన్నర! వీడు బస్సులో ఎట్ల పడతాడ్రా?" అన్నాడు.

'బాగుంది' అంటే పదిపైసలు!

ఇక అసలు సంగతి. నోటుబుక్కులు మార్చుకుని చూసుకునేటప్పుడు మేమొక జరిమానా పెట్టుకున్నాం. "బాగుంది" అన్నవాడు పది పైసలు కట్టాలి! "బాగాలేదు" అన్నా పది పైసలే. వేలు పెట్టి చూపించాలి. "ఈ మోచెయ్యి నడుము కిందికి దిగింది", "మెడకుంతలోంచి దారం వేలాడేస్తే మడమ మీద పడాల, నీది బయట పడింది" – ఇలా. దారమంటే నిజంగా దారమే. కొసన తాళంచెవి కట్టి జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళం. ఒంటికాలి మీద బరువు వేసి నిలబడ్డ మనిషికి గొంతుకుంత నుంచి ఆ దారం వదిలితే, బరువు మోసే పాదం దగ్గరకు వస్తుంది. ఆ వైపు తుంటి లేస్తుంది, ఆ వైపు భుజం వాలుతుంది. ఆర్టిస్టన్న ఆ రోజు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ దారంలో ఉంది.

తోటివాడి కన్ను ఎందుకు? మన తప్పుకు మన కన్ను అలవాటుపడిపోతుంది గనక. కాగితాన్ని తిప్పి వెలుతురుకు పట్టుకుని వెనకనుంచి చూడండి, లేదా అద్దంలో చూడండి... నిటారుగా ఉందనుకున్న మనిషి పక్కకు ఒరిగి కనిపిస్తాడు. ఈ అద్దం కిటుకు లియొనార్డో డావిన్సీ తన రాతల్లో చెప్పిందే. నలుగురితో కూర్చుని బొమ్మ వెయ్యడం ఒంటరిగా వెయ్యడం కంటే మేలని కూడా ఆయన రాశాడు. వెనకబడితే సిగ్గేస్తుందట. ఎదుటివాడిది బాగుంటే అసూయ పుట్టి అదే మనల్ని ముందుకు నెడుతుందట. అయిదువందల ఏళ్ళ కిందటి ఇటలీ మనిషి మా సంగతి ఎలా కనిపెట్టాడో!

హాలీవుడ్‌లోనూ ఇదే కథ. 1932లో డిస్నీ స్టూడియోలో పనిచేసే ఆర్ట్ బాబిట్ తన ఇంట్లో సాయంత్రాలు మోడలును పిలిపించి, తోటి యానిమేటర్లతో కూర్చుని మనుషుల బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాడు. సంగతి వాల్ట్ డిస్నీ దాకా పోయింది. ఆయన కోప్పడలేదు సరికదా, ఆ క్లాసును స్టూడియోలోకే తెప్పించి, డాన్ గ్రాహం అనే డ్రాయింగు మాస్టారుని కుదిర్చాడు. అప్పటికి మిక్కీమౌస్‌తో లోకమంతా నవ్వుతోంది. అయినా మళ్ళీ మొదటినుంచి మనిషి ఒళ్ళు నేర్చుకున్నారు! 1937 డిసెంబరులో "స్నోవైట్" వచ్చింది. పగలంతా ఎలుకనూ బాతునూ గీసిన చేతులే అవి.

మన దగ్గర దామెర్ల రామారావుగారు బొంబాయిలో చదువుకుని రాజమండ్రికి తిరిగివచ్చి మిత్రులను చుట్టూ కూర్చుకున్నారు. 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే ఆయన పోయారు. కానీ వరదా వెంకటరత్నంగారి వంటి మిత్రులు ఆ దీపం ఆరనివ్వలేదు. నిన్నమొన్నటి దాకా హైదరాబాదులో కార్టూనిస్టు మోహన్‌గారి గది కుర్ర ఆర్టిస్టులకు అడ్డా. 2017లో ఆయన పోయేవరకూ అంతే.

అందరి మాటా వినాలా? గ్రీకు దేశపు చిత్రకారుడు అపెలీజ్ కథ చెబుతారు. బొమ్మను బయట పెట్టి వెనక దాక్కుని జనం మాటలు వినేవాడట. చెప్పులు కుట్టేవాడు వచ్చి చెప్పులో వారు తప్పుందన్నాడు. అపెలీజ్ దిద్దాడు. మర్నాడు ఆ మనిషే వచ్చి కాలికి కూడా వంకపెట్టాడు. అపెలీజ్ బయటికొచ్చి, చెప్పు దాటి పైకి పోవద్దన్నాడట! నేనైతే ఈ కథలో చెప్పులాయన పక్షమే. ఆయన రోజంతా కాళ్ళు చూసే మనిషి. మా దర్జీ ఒకసారి నా బొమ్మ చూసి, "చెయ్యి పైకెత్తితే చొక్కా చంకకాడ లాక్కుంటాది, నువ్వు ఇస్త్రీ చొక్కా ఏసినావు" అన్నాడు. అంత సూటి విమర్శ మా ముగ్గురిలో ఎవరికీ చేతకాలేదు.

విమర్శ కత్తిలాంటిది, చేతకాకపోతే తెగుతుంది. నేనే తెగ్గోశాను. జమ్మలమడుగు మిత్రుడు వాళ్ళమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న బొమ్మ తెచ్చాడు. రాట్నం ఆకులన్నీ లెక్క తప్పకుండా వేశాడు. అమ్మ మాత్రం గుండ్రంగా ఒక ముద్ద. నేను నవ్వుతూ "మనిషా, మూటా?" అన్నాను. వాడు ఏమీ అనలేదు. నోటుబుక్కు మూసి లేచిపోయాడు. రెండు నెలలు రాలేదు. జాబు రాస్తే జవాబు లేదు. అప్పుడు నాకు తెలిసింది... నేను వేలు పెట్టి చూపలేదు, నోరు పారేసుకున్నాను. అదీ వాడి తల్లి మీద. పదిపైసల జరిమానాకు లొంగే తప్పు కాదది.

చివరికి పులివెందుల వాడు ఇద్దరినీ ఒక బస్టాండులో కూర్చోబెట్టాడు. నేను తప్పు ఒప్పుకున్నాను. వాడు సంచిలోంచి కొత్త బొమ్మ తీశాడు. అదే అమ్మ, అదే రాట్నం. ఈసారి రాట్నం నాలుగు గీతలే. అమ్మ వీపు, ముందుకు చాచిన చెయ్యి, నేలకు ఆనిన మోకాలు... రోజంతా కూర్చున్న అలసట కనబడుతోంది.

"అప్పుడు మాయమ్మను సూల్లేదురా, రాట్నాన్నే సూసినా" అన్నాడు.

ఆ బొమ్మకు "బాగుంది" అని పదిపైసలు కట్టినవాణ్ణి నేనే.

మరిప్పుడు...

రెండువేల సంవత్సరం దాటాక ఫ్లెక్సీ వచ్చింది. కంప్యూటర్లో రెండు నొక్కులకు హీరోగారు ముప్పై అడుగులు లేచారు. షెడ్లు మూతపడ్డాయి. గడులు మాత్రమే తెలిసినవాళ్ళు ముందుగా రోడ్డున పడ్డారు. మొహాలు దించే పని మిషను ఇంకా బాగా చేస్తుంది కదా! పులివెందుల మిత్రుడికీ బ్యానర్లు పోయాయి. కానీ నిలబడ్డ మనిషిని వెయ్యడం వచ్చిన చెయ్యి గనక, గుళ్ళ గోపురాల మీద సిమెంటు బొమ్మలకు నమూనాలు గీసే పని పట్టుకున్నాడు. జమ్మలమడుగు వాడు డ్రాయింగు మాస్టరయ్యాడు. వాడి క్లాసులో ఆడపిల్లలే ఎక్కువట. బస్టాండులో కూర్చుని మగవాళ్ళను చూస్తూ బొమ్మ వేస్తే ఊరు ఊరుకుంటుందా? అందుకని ఇంట్లో బియ్యం ఏరే అవ్వను, జడ వేసుకునే అక్కను రోజుకొక అయిదు నిమిషాలు వేసి తెమ్మంటాడు. శనివారం గోడకు వరసగా గుచ్చి, ఒకరి బొమ్మ ముందు ఇంకొకరిని నిలబెట్టి, దారం చేతికిస్తాడు. రబ్బరు మాత్రం ఎవరికీ ఇవ్వడు. తప్పు గీత పక్కనే ఒప్పు గీత పడాలి, కింద తేదీ వెయ్యాలి. ఆరు నెలల కిందటి పేజీ తిప్పితే పిల్లకే తెలిసిపోవాలి, మాస్టారు చెప్పక్కర్లేదు.

మొన్నటి దసరాకు ముగ్గురం ప్రొద్దుటూరులో కలిశాం. జనం కిటకిటలాడుతున్నారు. ఒక అంగడి మెట్ల మీద చోటు సంపాదించి నోటుబుక్కులు తీశాం. పిల్లను భుజానెక్కించుకుని అమ్మవారి వైపు చూస్తున్న ఒక తండ్రి దొరికాడు. రెండు నిమిషాల్లో పట్టేశాననే అనుకున్నాను. భుజం వాలింది, నడుము విరిగింది, పిల్ల బరువు కూడా తెలుస్తోంది. పులివెందుల వాడు కళ్ళజోడు సవరించుకుని, జేబులోంచి తాళంచెవి దారం తీసి, బొమ్మ మీద వేలాడేసి చాలాసేపు చూశాడు.

"అంతా సరే గానీ... కాళ్ళు ఇంకా పొట్టిగానే ఏస్తాండావు రా!"

పెన్సిల్ పెట్టి కొలిచాను. అర తల తక్కువ.